శీతలజలమున మునుగువారి లోని ఉడుపు

మన విశాఖపట్టణము, మచిలీపట్టణముల యొద్ద సముద్రపు నీరు సాధారణముగా 25 మొదలు 30 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు వెచ్చగా నుండును. గోచి బిగించి కడలిలో దుమికిన జాలరికి అలల భయమే గాని చలి భయము లేదు. కాని భూగోళమునందలి జలములన్నియు నిట్టివి కావు. స్కాట్లండునకు ఉత్తరమున నున్న ఆర్క్నీ దీవులయందును, ఐస్‌లాండునందును, ధ్రువప్రాంతములందును నీరు మనుష్యుని కొద్దిసేపటిలో స్తంభింపజేయునంత చల్లగా నుండును. అట్టి నీటిలోనికి సయితము మునిగిపోయిన ఓడలను పరీక్షించుటకును, రేవుకట్టల పునాదులను సరిచూచుటకును, జలచరములను పరిశోధించుటకును, కేవలము వినోదమునకును జనులు దిగుచున్నారు. ఇట్లు నీట మునుగువారిని డైవరులందురు. వారి ప్రాణమును కాపాడు సాధనములలో పైకి కనబడనిది యొకటి కలదు. అది నీరు చొరని పై ఉడుపు క్రింద వారు తొడుగుకొను వెచ్చని లోని ఉడుపు. దానిని ఎట్లు ఎన్నుకొనవలెనో తెలిసికొనుటయే ఈ పాఠము. మనలో అనేకులకు అట్టి నీటిలో దిగు అవసరము రాకపోవచ్చును. అయినను, పదార్థవిజ్ఞానమున మనము చదువు ఉష్ణప్రసారము, ద్రవముల ఒత్తిడి, తేలుట అను మూడు అధ్యాయములును ఈ ఒక్క ఉడుపునందు కూడియున్నవి.

1. నీరు వేడిమిని హరించు విధము

మన శరీరపు లోపలి వేడిమి సుమారు 37 డిగ్రీలు. 20 డిగ్రీల వేడిమి గల గదిలో చొక్కా తొడిగికొని కూర్చున్న విద్యార్థి హాయిగా చదువుకొనగలడు. అదే 20 డిగ్రీల నీటిలో అతడు అంతసేపు కూర్చున్నయెడల వణకజొచ్చును. కారణమేమి? వేడిమిని కొనిపోవు శక్తి నీటికి గాలికంటె సుమారు 25 రెట్లు అధికము. మఱియు ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వెచ్చజేయుటకు, ఒక లీటరు గాలిని అంతే వెచ్చజేయుటకు వలసినదానికంటె 3,000 రెట్లకు మించిన ఉష్ణము కావలెను. గావున శరీరమెంత వేడిమి నిచ్చినను నీరు దానిని గ్రహించి మరల చల్లగనే యుండును.

చలి సోకగనే శరీరము తన లోపలి అవయవములను రక్షించుకొనుటకై చేతులకును కాళ్లకును పోవు రక్తమును తగ్గించును. అందుచేత వ్రేళ్లు ముందుగా మొద్దుబాఱును. పిమ్మట వణకు పుట్టును. లోపలి వేడిమి 35 డిగ్రీలకు తగ్గినయెడల అది వ్యాధిగా పరిణమించును. ఆలోచన మందగించును; మాట తడబడును. గట్టుమీద నున్నవానికి మొద్దుబాఱిన వ్రేళ్లు ఒక అసౌకర్యము మాత్రమే. నీటి అడుగున నున్నవానికి అట్లు కాదు. గాలిని విడుచు కవాటమును త్రిప్పుటయు, త్రాడును విడిపించుకొనుటయు, తోడివానికి చేతితో సైగ చేయుటయు ఆ వ్రేళ్లమీదనే ఆధారపడియుండును.

2. పై ఉడుపును లోని ఉడుపును

నీరు చొరని వస్త్రము పురాతనమైనది కాదు. 1823లో చార్లెస్ మాకింటాష్ అను స్కాట్లండు దేశస్థుడు రెండు గుడ్డల నడుమ రబ్బరును పూసి వాననీరు దిగని వస్త్రమును తయారుచేయు విధానమునకు హక్కుపత్రమును పొందెను. అటుపిమ్మట 1837లో లండనునందు అగస్టస్ సీబె అను జర్మను పనివాడు, లోహపు శిరస్త్రాణముతో చేర్చి బిగించిన నిలువెల్ల మూయు ఉడుపును నిర్మించెను. 1782లో స్పిట్‌హెడ్ యొద్ద మునిగిన రాయల్ జార్జి అను యుద్ధనౌక శిథిలములను 1839 మొదలుకొని కర్నల్ పాస్లీ తొలగింపించినప్పుడు డైవరులు సీబె చేసిన సాధనములను వాడిరి. ఆ రబ్బరు గుడ్డ నీటిని ఆపెనే గాని చలిని ఆపలేదు. గావున అట్టి ఉడుపు తొడిగినవారు దాని క్రింద ఉన్ని బనియనులను, ఉన్ని మేజోళ్లను, ఉన్ని టోపీలను ధరించుచుండిరి. నేటి లోని ఉడుపునకు అవియే పూర్వులు.

నేటి పై ఉడుపును డ్రై సూటు అందురు. మెడయొద్దను మణికట్టులయొద్దను బిగువైన రబ్బరు పట్టీలును, నీరు దిగని జిప్పును కలిగి, ఒడలంతయు పొడిగా నుంచుట దీని పని. రొమ్ముమీద గాలిని లోనికి విడుచు కవాటమును, సాధారణముగా ఎడమ భుజముయొద్ద గాలిని వెలికి పంపు కవాటమును ఉండును. వీనిలో రెండు జాతులు ముఖ్యమైనవి. మొదటిది నియోప్రీను అను బుడగల రబ్బరుతో చేసినది. ఇది తానుగా కొంత వెచ్చదనమునిచ్చును. కాని లోతునకు పోయినకొలది ఆ బుడగలు నలిగి పలుచనగును. రెండవది గుడ్డల నడుమ రబ్బరు పొరను చేర్చి చేసిన పలుచని ఉడుపు. ఇది తేలికయైనది, కాని దీనికి స్వంత వెచ్చదనము దాదాపుగా లేదు. ఈ రెండవ జాతి ఉడుపును తొడుగువాడు తన వెచ్చదనమునంతయు లోని ఉడుపునుండియే పొందవలెను.

3. వెచ్చదనమునకు మూలము కదలని గాలి

ఉన్ని తానుగా వేడిమిని పుట్టించునని కొందఱు తలంతురు. అది పొరపాటు. మన గొల్లవాడు చలిరాత్రి కప్పుకొను గొంగళి వానికి వేడిమి నీయదు. వాని ఒంటి వేడిమిని పోనీయక నిలుపును. గొంగళిలోని ఉన్నిపోగుల నడుమ చిక్కుకొన్న గాలియే అట్లు నిలుపుచున్నది. కదలు గాలి వేడిమిని మోసికొనిపోవును. కదలని గాలి దానికి అడ్డుకట్ట యగును. కాబట్టి ఏ లోని ఉడుపైనను గాలిని చిన్నచిన్న గదులలో బంధించు సాధనము మాత్రమే.

ఇట్లు గాలిని బంధించు వస్త్రములు నేడు పెక్కు కలవు. గొఱ్ఱె ఉన్ని యొకటి. పాలిఎస్టరు దారమును దువ్వి మెత్తని నూగు లేపిన ఫ్లీసు అను గుడ్డ మఱియొకటి. మిక్కిలి సన్నని పోగులను పఱచి చేసిన థిన్సులేట్ అనునది వేఱొకటి. పోగు సన్నమైనకొలది అంతే మందములో ఎక్కువ గాలి కదలక నిలుచును. పక్షుల ఈకలను నింపిన ఉడుపులు గట్టుమీద మిగుల వెచ్చనివి, కాని నీటి అడుగున వాని యోగ్యతను క్రింద విచారింతము.

దుస్తుల వెచ్చదనమును కొలుచుటకు గాగి, బర్టన్, బాజెట్ అను శాస్త్రజ్ఞులు 1941లో క్లో అను కొలమానమును ఏర్పఱచిరి. గాలి వీచని 21 డిగ్రీల గదిలో ఊరక కూర్చున్నవానికి హాయి నిచ్చు దుస్తుల వెచ్చదనము ఒక క్లో. అంగడిలో మాత్రము లోని ఉడుపులను తఱచుగా చదరపు మీటరునకు ఇన్ని గ్రాములు అని తూకము చెప్పి అమ్ముదురు. ఒకే జాతి గుడ్డలను పోల్చునప్పుడు ఈ తూకము పనికివచ్చును. వేఱువేఱు జాతులను పోల్చునప్పుడు ఇది మోసపుచ్చును. ఏలయన, బరువు వెచ్చదనము కాదు.

4. ఒత్తిడి అను పరీక్ష

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకును సుమారు ఒక వాయుమండలపు ఒత్తిడి అధికమగును. పైనున్న గాలి ఒత్తిడిని కలుపుకొన్నచో 30 మీటర్ల లోతున 4 రెట్ల ఒత్తిడి యుండును. ఉడుపులోని గాలి అక్కడ నాలుగవ వంతునకు కుంచించుకొనిపోవును. అప్పుడు పై ఉడుపు ఒంటిని నొక్కి, లోని ఉడుపును అప్పడమువలె చదును చేయును. అందుచేతనే డైవరు దిగుచున్నకొలది కవాటము ద్వారా కొంచెము కొంచెముగా గాలిని చేర్చును.

గాలిని చేర్చినను చిక్కు పూర్తిగా తీరదు. నిలువుగా నున్న డైవరు పాదములు అతని భుజములకంటె సుమారు ఒకటిన్నర మీటరు లోతున నుండును. ఆ వ్యత్యాసముచేత పాదములయొద్ద ప్రతి చదరపు సెంటీమీటరుమీదను సుమారు 150 గ్రాముల ఒత్తిడి అధికముగా నుండును. ఉడుపులోని గాలి యంతయు భుజములవైపునకు ఎగబ్రాకును. కాళ్లయొద్ద గుడ్డ నలిగి ఒంటికంటుకొనును. భుజములు వెచ్చగా నుండగా మోకాళ్లు, పాదములు జివ్వుమనుట ఇందువలననే. మఱింత గాలి నింపుదమన్నచో అది ఉపాయము కాదు, అపాయము. అధికమైన గాలి, డైవరు తలక్రిందయినప్పుడు పాదములకు పోయి, అతనిని అదుపు లేకుండ పైకి లాగికొనిపోగలదు.

కాబట్టి లోని ఉడుపునకు మొదటి గుణము లావు కాదు, నలగకుండుట. అంగడిలో ఒక ఉడుపును చూచునప్పుడు దానిని రెండు అఱచేతుల నడుమ గట్టిగా నొక్కి చూడవలెను. నొక్కినప్పుడు కాగితమంత పలుచనై పోవునది, గట్టుమీద ఎంత పొంగియున్నను, నీటిలో అక్కఱకు రాదు. ఈకల ఉడుపు ఈ పరీక్షలోనే ఓడిపోవును. నొక్కినను కొంత మందమును నిలుపుకొని, విడువగనే మరల లేచునది యోగ్యమైనది. మోకాళ్లయొద్దను, గాలి సీసాల పట్టీలు ఒరయు భుజములయొద్దను, నడుముయొద్దను ఈ పరీక్ష చేయుట మఱచిపోరాదు.

5. చెమ్మ అను శత్రువు

ఉడుపు పేరునకు పొడిదియే గాని లోపల చెమ్మ లేకుండుట అరుదు. పడవమీద బరువైన సామగ్రిని మోయునప్పుడు చెమట పట్టును. ఆ చెమట ఆవిరియై, చల్లని పై ఉడుపు లోపలితట్టున, చల్లనీటి చెంబు వెలుపలితట్టునవలె, నీటిబొట్లుగా మాఱును. మణికట్టు త్రిప్పినప్పుడు పట్టీ సందున కొంత నీరు చొరబడుటయు కలదు. గాలి యుండవలసిన చోట నీరు చేరినయెడల, అక్కడ వేడిమి పోవు దారి తెఱచుకొన్నట్లే.

ఇచ్చట గుడ్డల భేదము స్పష్టమగును. మన యెండలకు హాయి నిచ్చు నూలు బట్ట ఇక్కడ మిక్కిలి చెడ్డది. అది నీటిని పీల్చి ఒంటికి అంటుకొని, ఆఱక, వేడిమిని లాగుచుండును. పాలిఎస్టరు పోగు నీటిని దాదాపుగా పీల్చదు; గావున చెమట ఒంటినుండి వెలుపలి పొరకు తరలిపోవుటకు వీలగును. గొఱ్ఱె ఉన్ని తన బరువులో సుమారు మూడవ వంతు చెమ్మను తన పోగులలో దాచుకొని సయితము, ఒంటికి తడి తోపనీయదు. అందుచేత అనుభవజ్ఞులు రెండు పొరలను ధరింతురు: ఒంటినంటి సన్ననైన ఉన్నిదో పాలిఎస్టరుదో బనియను, ఇజారు, వానిమీద దళమైన లోని ఉడుపు. మొదటి పొర చెమ్మను తరలించును, రెండవ పొర గాలిని బంధించును.

పై ఉడుపు చినిగి నీరు నిండినయెడల ఏ లోని ఉడుపును పూర్తిగా కాపాడజాలదు. అయినను తడిసియు కొంత మందమును నిలుపుకొను ఉన్ని, థిన్సులేట్ వంటివి పైకి చేరువఱకు కొంత ఆసరా యిచ్చును.

6. కొలతయు, కదలికయు, తేలుటయు

లోని ఉడుపు మిక్కిలి బిగువుగా నున్నచో అది తన్ను తానే నలుపుకొని గాలిని పోగొట్టుకొనును. రక్తప్రసారమును గూడ అడ్డగించును. వదులుగా నున్నచో ముడుతలు పడి, వాని నడుమ గాలి అటునిటు పరుగెత్తి వేడిమిని మోసికొనిపోవును. గావున ఉడుపును తొడిగి, దానిపై డ్రై సూటును గూడ తొడిగి, మూడు పనులు చేసి చూడవలెను: గొంతుకూర్చుండుట, రెండు చేతులను తలపైకెత్తుట, తలవెనుక నున్న సిలిండరు కవాటమును చేతితో అందుకొనుట. ఈ మూడును సులభముగా జరిగినచో కొలత సరియైనది. మేజోళ్ల విషయమున అత్యాశ పనికిరాదు. బూటులో పట్టని దళసరి మేజోడు పాదమును నొక్కి మఱింత చల్లబఱచును. ఎడమ భుజముయొద్ద నున్న కవాటమునకు లోనిగుడ్డ అడ్డుపడి గాలి వెలికి పోకుండ చేయుచున్నదేమో గూడ చూడవలెను.

ఇక తేలుట. ఆర్కిమెడీసు సూత్రము ననుసరించి, ఉడుపులో చిక్కిన ప్రతి లీటరు గాలియు సముద్రమున సుమారు ఒక కిలోగ్రాము బరువును పైకెత్తును. క్రొత్త లోని ఉడుపు పాతదానికంటె 3 లీటర్ల గాలిని అధికముగా పట్టినదనుకొందము. సముద్రపు నీరు లీటరు సుమారు 1.025 కిలోగ్రాములు గనుక, దానిని ముంచుటకు 3 కిలోగ్రాములకు కొంచెము పైగా బరువు అదనముగా కట్టుకొనవలెను. ఈ లెక్క చూడక క్రొత్త ఉడుపుతో లోతునకు దిగుట అవివేకము. దిగునప్పుడు సిలిండరులోని గాలికిని బరువు కలదు; అది ఖర్చయినకొలది డైవరు తేలికయగును. కాబట్టి సిలిండరు దాదాపు ఖాళీయైనప్పుడును 5 మీటర్ల లోతున స్థిరముగా నిలువగలుగునట్లు, లోతు లేని నీటిలో ముందుగా పరీక్షించుకొని సీసపు బరువులను నిర్ణయించుకొనవలెను.

7. రెండు జలములు: స్కాపా ఫ్లో, సిల్ఫ్రా

ఇంతవఱకు చెప్పిన సూత్రములను రెండు స్థలములకు అన్వయించి చూతము.

ఆర్క్నీ దీవుల నడుమ స్కాపా ఫ్లో అను విశాలమైన నౌకాశ్రయము కలదు. మొదటి ప్రపంచయుద్ధానంతరము అక్కడ నిర్బంధింపబడిన జర్మను నౌకాదళమును దాని సేనాని రాయిటర్ 1919 జూన్ 21వ తేదీన తన వారిచేతనే ముంపించెను. 74 ఓడలలో 52 మునిగినవి. తరువాత పెక్కింటిని వెలికి దీసిరి. మిగిలిన మూడు పెద్ద యుద్ధనౌకలను, నాలుగు చిన్న క్రూయిజరులను చూచుటకు నేటికిని డైవరులు వచ్చుచున్నారు. అచ్చటి నీరు చలికాలమున సుమారు 6 డిగ్రీలు, వేసవి చివర సుమారు 13 డిగ్రీలు ఉండును. శిథిలములు 25 మీటర్లకు మించిన లోతున నున్నవి.

ఇంత లోతున ఒత్తిడిచేత డైవరు పీల్చు గాలిలోని నైట్రొజను రక్తమునందును మాంసమునందును కరగును. త్వరగా పైకి వచ్చినయెడల, గోలీసోడా మూత తీసినప్పుడు బుడగలు లేచునట్లు, ఆ నైట్రొజను శరీరమున బుడగలై వ్యాధి పుట్టించును. గావున పైకి వచ్చుచు నడుమ నడుమ ఆగి, దానిని ఊపిరితో మెల్లగా విడువవలెను. ఆ ఆగుటలో చేయు పని యేమియు ఉండదు. త్రాడు పట్టుకొని ఊరక వ్రేలాడవలెను. అడుగున ఈదినప్పుడు కండరములు పుట్టించిన వేడిమి అప్పుడుండదు. ఒడలు అప్పటికే చల్లబడియుండును. 2007లో అమెరికా నౌకాదళపు ప్రయోగశాఖ ప్రకటించిన పరిశోధనలో, అడుగున వెచ్చగా నుండి పైకి వచ్చునప్పుడు చలికి గుఱియగుట ఈ వ్యాధికి మిగుల అనుకూలమని తేలినది. చల్లబడిన అవయవములకు రక్తము సరిగా పోదు. రక్తము పోనిచోటనుండి నైట్రొజను వెలికి రాదు. కావున ఇక్కడ వెచ్చదనము సుఖముకొఱకు మాత్రము కాదు, ఆరోగ్యముకొఱకు.

సిల్ఫ్రా ఐస్‌లాండునందు తింగ్‌వెల్లిర్ అను చోట నున్న నీటి చీలిక. ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకములు ఎడమగుచున్న ప్రదేశమున ఇది యేర్పడినది. హిమానీనదము కరగిన నీరు లావారాళ్లగుండ ఏండ్ల తరబడి వడిసి ఇందు చేరుటచే మిక్కిలి స్వచ్ఛముగా నుండును. దాని వేడిమి ఏడాది పొడుగునను 2 మొదలు 4 డిగ్రీలు మాత్రమే. ఇక్కడ స్కాపా ఫ్లోయందువలె లోతునకు పోరు, ఎక్కువసేపు ఉండరు. కాని నీరు మెల్లగా కొనిపోవుచుండగా డైవరు కదలక చూచుచు పోవును. గావున కండరముల వేడిమి తక్కువ. ఇచ్చట దళమైన లోని ఉడుపుతోపాటు తలకు కుళాయియు, చేతులకు తొడుగులును తప్పనిసరి. ఇది మంచినీరగుటచే సముద్రమునకంటె తక్కువగా తేల్చును; గావున సముద్రమున కట్టిన సీసమునంతటిని ఇక్కడ కట్టరాదు.

ఈ రెంటినిబట్టి నీటి వేడిమి యొక్కటియే లెక్క కాదని తెలియుచున్నది. ఎంతసేపు, ఎంత లోతున, ఎంత కదలికతో అనునవి గూడ చూడవలెను. మఱియు సన్ననివాడు లావైనవానికంటె త్వరగా చల్లబడును. ఆకలితోను అలసటతోను నున్నవాడు తిని నిద్రించినవానికంటె ముందుగా వణకును. స్నేహితునికి చాలిన ఉడుపు తనకు చాలునని నమ్మరాదు.

8. అదనపు సాధనములు

ఊపిరికి హీలియము కలిసిన వాయువును వాడువారు దానిని ఉడుపులోనికి విడువరు. హీలియము గాలికంటె సుమారు 6 రెట్లు వేడిమిని కొనిపోవును. ఆర్గాను అను వాయువు గాలిలో మూడింట రెండు వంతులు మాత్రమే కొనిపోవును గనుక, కొందఱు దానిని చిన్న సీసాలో వేఱుగా మోసికొనిపోయి ఉడుపులో నింపుదురు. ఆర్గానును ఎన్నడును ఊపిరికి వాడరాదు. అందు ప్రాణవాయువు లేదు. విద్యుత్తుతో వేడెక్కు చొక్కాలు గూడ వచ్చినవి. అవి మేలైనవే, కాని లోతున బాటరీ ఆగిపోవచ్చును. అట్లు ఆగినను క్షేమముగా పైకి చేరుటకు చాలినంత లోని ఉడుపు ఒంటిమీద నుండవలెను. యంత్రము తోడుగా నుండవచ్చును, ఆధారముగా నుండరాదు.

విద్యార్థులారా, పై విషయమునంతయు సంగ్రహముగా జ్ఞాపకముంచుకొనుడు. వెచ్చదనమిచ్చునది కదలని గాలి. ఆ గాలిని ఒత్తిడియందును చెమ్మయందును నిలుపగల ఉడుపే మంచి ఉడుపు. అది ఒంటికి సరిపడవలెను. దాని తేలుగుణమును ముందుగా కొలిచి చూచుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, ఉడుపును మునుగు మొదటి నిమిషమునుబట్టి గాక చివరి నిమిషమునుబట్టి ఎన్నుకొనవలెను. దిగునప్పుడు అందఱును వెచ్చగనే యుందురు. మరలివచ్చునప్పుడు త్రాడు పట్టుకొని నిలుచు ఆ పావుగంటకు చాలినదేదో అదియే తగిన ఉడుపు. ఎంత మంచి ఉడుపు తొడిగినను, వణకు మొదలైనయెడల చూడవలసినది మిగిలియున్నదని ఆశపడక, తోడివానికి సైగ చేసి మరలిపోవుటే వివేకము. నూఱేండ్లుగా అక్కడ నున్న ఓడ మఱునాడును అక్కడనే యుండును.